తలుపు పక్కన అర: ఎవరికి ఏ పుస్తకం చేతికిస్తారు?

ఏలూరురోడ్డు | విజయవాడ | శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక చిన్న పుస్తకాల షాపులో రెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ వారం మా యజమాని గారు తలుపు పక్కనున్న అర ఖాళీ చేయించి నాకు అప్పగించారు. ఇరవై పుస్తకాలు పడతాయి. అన్నీ నేను చదివినవే అయి ఉండాలి, అట్ట కనిపించేలా నిలబెట్టాలి, ఒక్కోదాని కింద చేత్తో రాసిన చీటీ ఉండాలి. మహాప్రస్థానం, వేయిపడగలు వంటివి ఇక్కడ వద్దన్నారు. వాటిని పేరుపెట్టి అడిగేవాళ్లు రోజూ వస్తారు. పేరు తెలియక ఎవరూ అడగని పుస్తకాల కోసం ఈ అర అన్నారు.

రెండు రాత్రులు కూర్చుని చీటీలు రాశాను. అన్నీ అట్ట వెనక వేసే మాటల్లాగే వచ్చాయి. "ప్రతి ఒక్కరూ చదవాల్సిన పుస్తకం" అని ఒకదానికి రాసి, దాన్నే పక్క పుస్తకం కిందికి జరిపి చూశాను. అక్కడా సరిపోయింది. చించేశాను.

అందుకే ఇక్కడికి వచ్చాను. ఈ వేదికలో షాపుల్లో పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరు ఒక పుస్తకం చెప్పండి. ఎలాంటి మనిషి వస్తే దాన్ని తీసి ఇస్తారు, ఏ మాట చెప్పి ఇస్తారు? కథ, నవల, కవిత్వం, యాత్ర, చరిత్ర, పిల్లల పుస్తకం, డిటెక్టివ్, ఏదైనా సరే. "గొప్ప", "అద్భుతం" మాత్రం వద్దు.

ముందు నాది. చాసో కథలు. "చదవాలని ఉంది కానీ తీరిక లేదు" అనేవాళ్లకు ఇస్తాను. చాగంటి సోమయాజులు గారు విజయనగరం మనిషి, ఒక్క మాట ఎక్కువ వాడరు. "ఎందుకు పారేస్తాను నాన్నా" పేజీ తీసి చూపిస్తాను. చదువు ఆగిపోయిన పిల్లవాణ్ణి తండ్రి చుట్టలు తెమ్మని పంపుతాడు, దారిలో బడి ఉంటుంది. ఇంతకు మించి కథలో ఏమీ జరగదు, కానీ షాపులో నిలబడి చదివినవాళ్లు పుస్తకం వెనక్కి పెట్టడం నేను చూడలేదు.

చౌరస్తా | హనుమకొండ | శుక్రవారం రాత్రి 10:15

మంచి పని మొదలుపెట్టారు. నాది వట్టికోట ఆళ్వారుస్వామి "ప్రజల మనిషి".

మా దగ్గరికి పోటీ పరీక్షలు రాసే పిల్లలు ఎక్కువ వస్తారు. తెలంగాణ చరిత్ర గైడు అడుగుతారు. నిజాం పాలన, వెట్టిచాకిరీ, ఆంధ్ర మహాసభ, గ్రంథాలయోద్యమం అన్నీ వాళ్లకు ఒక్క వాక్యపు జవాబులుగా వచ్చు. గైడుకు డబ్బు తీసుకుని చిల్లర ఇచ్చేటప్పుడు ఈ నవల చూపిస్తాను. "నువ్వు బట్టీపట్టేవన్నీ ఒక ఊళ్లో మనుషుల మీద ఎలా పడ్డాయో ఇందులో ఉంది" అని చెబుతాను. కంఠీరవం అనే యువకుడు, ఒక దొర, ఒక ఊరు. పది మందిలో ఇద్దరు తీసుకుంటారు. ఆ ఇద్దరు మళ్లీ వచ్చి "చిల్లర దేవుళ్ళు" ఉందా అని అడుగుతారు. దాశరథి రంగాచార్య గారి పేరు అప్పటికి వాళ్లే కనుక్కుని ఉంటారు.

ఈ పుస్తకం మీద నాకున్న ప్రేమకు ఇంకో కారణం ఉంది. ఆళ్వారుస్వామి గారు మన వృత్తి మనిషి. చిన్నతనంలో వంట పనులు, హోటలు పనులు చేసి, 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. తెలుగు అచ్చు దొరకడమే కష్టంగా ఉన్న చోట పుస్తకాలు వేసి, ఊరూరా తిరిగి తనే అమ్మారు. దాశరథి కృష్ణమాచార్య గారూ ఆయనా నిజామాబాదు జైల్లో కలిసి ఉన్నారు. దాశరథి తన "అగ్నిధార"ను ఆయనకే అంకితమిచ్చారు. ఒక కవి తన పుస్తకాన్ని పుస్తకాలు అమ్మే మనిషికి అంకితమిచ్చాడన్న సంగతి తలచుకుంటే, సాయంత్రం షట్టరు దించేటప్పుడు కూడా నాకు అలసట తెలియదు.

పాతప్రతి | హైదరాబాదు | శుక్రవారం రాత్రి 11:02

ఆదివారాలు ఆబిడ్స్ కాలిబాట మీద పాత పుస్తకాలు పరుస్తాను. మిగిలిన రోజుల్లో ఒక షాపులో సాయం చేస్తాను. మీ అరలో యాత్ర లేకపోతే అర నిండదు. ఏనుగుల వీరాస్వామయ్య "కాశీయాత్ర చరిత్ర" పెట్టండి.

ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒకరి మాట ఇంకొకరికి తర్జుమా చేసి చెప్పే మనిషిగా, పనిచేసినవారు. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. రైలు లేదు, బస్సు లేదు. దాదాపు వంద మంది పరివారంతో, బోయీలు మోసే పల్లకీలో, తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి వెళ్లి, కలకత్తా, ఒడిశా తీరం వెంట వెనక్కి వచ్చారు. ఎక్కడ మజిలీ చేశారో, అక్కడ నీళ్లు దొరుకుతాయో లేదో, అంగళ్లున్నాయో లేదో అన్నీ రాసుకున్నారు. అచ్చయింది 1838లో, అప్పటికి ఆయన లేరు.

ఎవరికి ఇస్తాను? మోటారు సైకిలు మీద లడఖ్ వెళ్లొచ్చి ఫోనులో ఫోటోలు చూపించే కుర్రవాళ్లకు. "మీ దారిలో పెట్రోలు బంకు ఎక్కడుందో మీరు ఎలా గుర్తుపెట్టుకున్నారో, ఈయన బావి ఎక్కడుందో అలా గుర్తుపెట్టుకున్నారు" అంటాను. వెంటనే అందుకుంటారు. ఆ భాష మొదట కొత్తగా ఉంటుంది. అందుకని మధ్యలో తమ ఊరి పేరు వెతుక్కోమంటాను. కడప వాడికి కడప పేజీ, హైదరాబాదు వాడికి హైదరాబాదు పేజీ. తన ఊరు రెండు వందల ఏళ్ల కిందట ఎలా ఉండేదో అర పేజీ చదివాక మొదటి పేజీకి వాళ్లే వెళతారు. దిగవల్లి వేంకట శివరావు గారు 1941లో పరిష్కరించి వేసిన ప్రతి పాతవాటిలో దొరికితే వదలవద్దు.

సాయంత్రం_పాఠకుడు | శనివారం ఉదయం 6:50

నేను షాపు మనిషిని కాదు, కొనేవాణ్ణి. ఒక మాట చెప్పాలనిపించింది, కోపగించుకోవద్దు. పుస్తకాల షాపులోకి నేను వెళ్లేది ఎవరూ పలకరించకుండా ఒక గంట గడపడానికి. వెనకే వచ్చి "ఏమి కావాలి సార్" అని అడిగితే బయటికి వచ్చేస్తాను. మీరు చెబుతున్నవన్నీ మాట్లాడించే పద్ధతులు. నాలాంటివాడికి చీటీయే చాలు.

చౌరస్తా | శనివారం ఉదయం 8:30

మీరు చెప్పింది న్యాయం. మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. వచ్చినవాళ్లు ఒక పుస్తకాన్ని రెండోసారి చేతిలోకి తీసుకునేదాకా మేము కదలం. రెండోసారి తీసుకుంటే కొనాలా వద్దా అని ఊగుతున్నారని అర్థం. అప్పుడు కూడా ఆ పుస్తకం గురించి ఒక్క మాటే.

గౌతమిగట్టు | రాజమహేంద్రవరం | శనివారం ఉదయం 10:20

అమ్మాయీ, నీ ప్రశ్న చూసి రాయకుండా ఉండలేకపోయాను. ముప్పై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. మా నాన్నగారు అద్దె పుస్తకాల షాపు నడిపేవారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్లు చీర కొంగు కింద పుస్తకం పెట్టుకుని వచ్చి, ఇచ్చి, ఇంకోటి తీసుకుని వెళ్లేవారు. ఎవరు ఏది చదివారో, ఎవరికి ఏది పడదో మా నాన్నగారికి నోటికి వచ్చు. నేను నేర్చుకున్నది అక్కడే.

అందుకని ముందుగా ఒకటి అడుగుతాను. నీ అరలో యద్దనపూడి సులోచనారాణి గారు ఉన్నారా? "సెక్రటరీ" పెట్టు. చదువుకున్నవాళ్లు దాన్ని చూసి పెదవి విరుస్తారు. పెళ్లి, పిల్లలు, ఆఫీసుల్లో పడి ఇరవై ఏళ్లుగా తెలుగు చదవడం మానేసిన స్త్రీ ఒకరు మా షాపుకు వచ్చారనుకో, నేను ఇచ్చేది అదే. జయంతి, రాజశేఖరం అనే పేర్లు వినగానే ఆ ముఖంలో పదహారేళ్ల పిల్ల కనిపిస్తుంది. చదివే అలవాటు తిరిగి రావాలంటే చేతికి అలవాటైన తలుపు నుంచే రావాలి. రెండోసారి వచ్చినప్పుడు పి. సత్యవతి గారి "ఇల్లలకగానే" ఇస్తాను. ఇల్లు అలకడంలో పడి తన పేరే మరిచిపోయిన ఇల్లాలి కథ. దాన్ని తీసుకున్నవాళ్లు మూడోసారి తప్పకుండా వస్తారు. అప్పుడు ఓల్గా గారి "విముక్త". అందులో సీత దారిలో శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ ఒక్కొక్కరుగా ఎదురవుతారు. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందని చీటీ మీద రాయకు. సీత శూర్పణఖను కలిసి ఏమి మాట్లాడుకుని ఉంటుందో రాశారని రాయి, చాలు.

ఇక మా ఊరి వారి మాట. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారి "అనుభవాలూ జ్ఞాపకాలూనూ". వైదిక కుటుంబంలో పుట్టిన పిల్లవాడు. ఇంట్లోవాళ్లు సంస్కృతం, శ్రౌతం (యజ్ఞాలు చేయించే విద్య) నేర్చుకోమంటే తెలుగు మీద మనసు పడ్డాడు. ఆ మోజు కోసం ఇంట్లో ఎన్ని మాటలు పడ్డాడో, ఎక్కడెక్కడ తిరిగాడో చెబుతాడు. ఎదురుగా అరుగు మీద కూర్చుని చెప్పినట్టే ఉంటుంది ఆ తెలుగు. దీన్ని తెలుగు మాస్టర్లకు ఇస్తాను. తెలుగులో ఎం.ఏ. చేస్తానంటే ఇంట్లో ఒప్పుకోని పిల్లలకు ఇస్తాను. కిందటి ఏడాది అలాంటి అమ్మాయి ఒకతె వచ్చింది. డబ్బులు చాలకపోతే రెండు విడతల్లో ఇవ్వమన్నాను. రెండో విడత ఇవ్వడానికి వాళ్ల నాన్నగారే వచ్చారు. ఆయన కూడా చదివారట.

అది లావుగా ఉందని జంకితే ఆయనదే "వడ్లగింజలు" చదవమను. చదరంగం ఆట కథ. ఆట రానివాళ్లకు కూడా గుండె కొట్టుకుంటుంది.

పాతప్రతి | శనివారం ఉదయం 11:05

గౌతమి గారూ, మీ మాట మీద గౌరవంతోనే ఒకటి అడుగుతాను. తేలికైనదానితో మొదలుపెట్టి మెట్లు ఎక్కించాలన్న లెక్క నాకు పూర్తిగా ఒప్పుదల కాదు. కొందరికి మొదటి దెబ్బే గట్టిగా తగలాలి. నాకు పదిహేనేళ్లప్పుడు ఎవరో పాత ప్రతి "అసమర్థుని జీవయాత్ర" ఇచ్చారు. సగం అర్థం కాలేదు. అందులోని సీతారామారావు నన్ను ఇప్పటికీ వదలలేదు. తేలికైనదిస్తే నేను చదివి పారేసి ఉండేవాణ్ణి.

గౌతమిగట్టు | శనివారం మధ్యాహ్నం 12:40

మీకు అది పనిచేసింది, ఒప్పుకుంటాను. మీరు మిగిలారు కాబట్టి ఇక్కడ ఉన్నారు. అలాంటి పుస్తకంతో మొదలుపెట్టి, నాకు రాదులే అనుకుని మళ్లీ షాపు గడప ఎక్కనివాళ్లు ఎంతమందో మనకు తెలియదు. వాళ్లు రాయడానికి ఇక్కడ లేరు. నేను పనిచేసేది వాళ్ల కోసం.

పాతప్రతి | శనివారం మధ్యాహ్నం 1:15

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆలోచిస్తాను.

తుంగభద్ర | కర్నూలు | శనివారం సాయంత్రం 4:10

మా వైపు నుంచి రెండు.

డాక్టర్ కేశవరెడ్డి గారి "అతడు అడవిని జయించాడు". ఒక ముసలివాడు, తప్పిపోయిన ఒక పంది, అడవిలో ఒక రాత్రి. మనుషులకు పేర్లు లేవు. కేశవరెడ్డి గారు చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ రాశారు. "తెలుగు నవలలు నెమ్మదిగా సాగుతాయి, నేను ఇంగ్లీషువే చదువుతాను" అనేవాళ్లకు ఇస్తాను. చిన్న పుస్తకం, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది.

రెండోది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి "కొండపొలం". కరువు వచ్చినప్పుడు గొర్రెల మందలను నల్లమల అడవిలోకి మేతకు తోలుకుపోవడాన్ని కొండపొలం అంటారు. చదువుకుని ఉద్యోగం రాక తిరిగొచ్చిన కుర్రవాడు మందతో అడవిలోకి వెళతాడు. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది, తర్వాత సినిమాగా వచ్చింది. సినిమా చూసి వచ్చినవాళ్లకు చెబుతుంటాను: అడవి పుస్తకంలోనే ఎక్కువగా ఉంది. చెట్ల పేర్లు, వాగుల పేర్లు, పులి వచ్చే ముందు గొర్రెలు ఎలా మెసలుతాయో అన్నీ ఉన్నాయి.

కోస్తా నుంచి వచ్చినవాళ్లు ఆ మాండలికం మాకు అర్థం కాదంటారు. నేను వాదించను. మొదటి పేజీ పైకి చదివి వినిపిస్తాను. కంటికి కష్టమైన మాట చెవికి తేలికగా ఎక్కుతుంది.

ఒక పొరపాటు కూడా చెప్పాలి, ఏలూరురోడ్డు గారి చీటీలకు పనికొస్తుంది. ఒకసారి పన్నెండేళ్ల బాబు సాహసాల పుస్తకం కావాలని వచ్చాడు. సహవాసి గారు తెలుగు చేసిన "ఏడు తరాలు" ఇచ్చాను. ఆఫ్రికాలో పట్టుకుని ఓడలో అమెరికాకు తీసుకుపోయిన కుంటా కింటే కథ. అలెక్స్ హేలీ పెద్ద పుస్తకాన్ని తెలుగులో కుదించి వేశారు, ఒకసారి పట్టుకుంటే వదలదు. నాలుగు రోజుల తర్వాత వాళ్లమ్మ వచ్చారు. ఆ ఓడ భాగం చదివి పిల్లవాడు రాత్రులు నిద్రపోవడం లేదట. కోప్పడలేదు. "ముందే ఒక మాట చెప్పి ఉంటే పక్కన కూర్చుని చదివేదాన్ని కదా" అన్నారు. అప్పటి నుంచి ఆ పుస్తకం ఎవరికిచ్చినా ఆ ఓడ సంగతి ముందే చెబుతున్నాను. చీటీ మీద ఆకర్షణ ఒక్కటే రాయకండి. ఎక్కడ కష్టపెడుతుందో అది కూడా రాయండి.

ఏలూరురోడ్డు | శనివారం సాయంత్రం 5:25

తుంగభద్ర గారూ, ఈ మాట నాకు తట్టలేదు. ఒక వాక్యం దానికి కేటాయిస్తాను. చాసో చీటీ కూడా మార్చాలి. "వాయులీనం" గురించి ఏమీ రాయలేదు. భార్య జబ్బు నయం చేయించడానికి భర్త ఆమె వాయులీనం, అంటే వయొలిను, అమ్మేస్తాడు. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాళ్లు తెలియకుండా ఆ పేజీ తెరిస్తే తట్టుకోవడం కష్టం.

వినుకొండదారి | గుంటూరు | శనివారం సాయంత్రం 6:45

కవిత్వం ఎవరూ ఎత్తలేదేమి? జాషువా గారి "గబ్బిలం".

పద్యం అనగానే పుస్తకం మూసేస్తారు, తెలుసు. నేను పద్యం సంగతి ఎత్తను, కథ చెబుతాను. దక్షిణాదిన ఒక పేదవాడు, అంటరానివాడు. తన బాధ కాశీలోని శివుడికి చెప్పుకోవాలి. గుడిలోకి తనకు ప్రవేశం లేదు. రాత్రి గుడిసెలోకి ఒక గబ్బిలం వస్తుంది. గబ్బిలం గుళ్లలో వేలాడుతుంది, దాన్ని ఎవరూ ఆపరు. పూజారి లేని సమయం చూసి శివుడి చెవిలో నా మాట చెప్పిరా అని దాన్ని పంపుతాడు. దారిలో ఏ ఊళ్లు చూడాలో, ఎవరిని తలచుకోవాలో చెబుతాడు. 1941లో వచ్చిన పుస్తకం. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపినది విరహంతో. ఇక్కడ మనిషికి తిండి లేదు, గుడి లేదు, కబురు తీసుకుపోయే మనిషి లేడు.

ఇంతవరకు చెప్పాక పుస్తకం అడగనివాళ్లను నేను చూడలేదు. చదవడం రాదన్నవాళ్లకు ఒక సలహా ఇస్తాను: పెద్దవాళ్ల చేత చదివించుకోండి. మా జిల్లాలో ఈ పద్యాలు నోటికి వచ్చిన తాతలు ఇంకా ఉన్నారు. ఒక డిగ్రీ కుర్రవాడు కొనుక్కెళ్లి, తన తాతకు పుస్తకం చూపించకుండానే ఒక పద్యం మొదలుపెడితే, తాత మిగిలింది చూడకుండా చెప్పాడట. ఆ ఇద్దరూ తర్వాత కలిసి వచ్చి "ఫిరదౌసి" కూడా తీసుకెళ్లారు.

డల్లాస్_అమ్మ | డల్లాస్ | ఆదివారం ఉదయం 7:30

మీరందరూ రాసినవి చదువుతుంటే షాపులోకి వచ్చి నిలబడినట్టే ఉంది. నాకు సాయం కావాలి. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఆరు. తెలుగు మాట్లాడతారు, అక్షరాలు వచ్చు, వాక్యం చదవాలంటే ఆగిపోతారు. ఇక్కడి తెలుగు బడిలో వాచకాలు అయిపోయాయి. ఏమి ఇవ్వాలి? పురాణ కథలు చాలా ఉన్నాయి, ఇంకేదైనా కావాలి.

గౌతమిగట్టు | ఆదివారం ఉదయం 8:50

అమ్మా, సికింద్రాబాదులో మంచి పుస్తకం అనే సంస్థ ఉంది. పిల్లల పుస్తకాలే వేస్తారు. కొన్ని ఒకే పేజీలో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉండేవి. బొమ్మ పెద్దది, వాక్యం చిన్నది. బాబుకు వాటితో మొదలుపెట్టు. ఆగిన చోట పక్కనే ఇంగ్లీషు ఉంటుంది కాబట్టి అమ్మను అడగక్కర్లేదు, అది పిల్లలకు చాలా ధైర్యం.

పాపకు ముళ్లపూడి వెంకటరమణ గారి "బుడుగు". బాపు గారి బొమ్మల కోసమైనా తెరుస్తుంది. దాన్ని మాత్రం నువ్వు పైకి చదవాలి. ఆ పిల్లవాడి మాట చెవిన పడితేనే రుచి.

పాతప్రతి | ఆదివారం రాత్రి 9:10

కాలిబాట సర్దుకుని ఇప్పుడే వచ్చాను. చందమామ ధారావాహికలు మరవద్దు. "తోకచుక్క", "మకరదేవత", "రాకాసిలోయ", "పాతాళదుర్గం". మాంత్రికులు, ఎగిరే గుర్రాలు, భయపెట్టే లోయలు. దశాబ్దాల పాటు పిల్లలు వాటి కోసం నెలనెలా ఎదురుచూశారు. రాసినవారి పేరు మాత్రం కింద అచ్చయ్యేది కాదు. దాసరి సుబ్రహ్మణ్యం గారని చాలామందికి చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అవి పుస్తకాలుగా కూడా వచ్చాయి. నాలుగు పేజీలు చదివి సరిగ్గా ప్రమాదం దగ్గర ఆపండి. మిగిలింది పాపే చదువుకుంటుంది. మా అమ్మ నాకు చదవడం అలాగే నేర్పింది.

డల్లాస్_అమ్మ | ఆదివారం రాత్రి 10:05

ఆపడం అన్న ఉపాయం ఇవాళే మొదలుపెడతాను. చాలా సంతోషం.

సాయంత్రం_పాఠకుడు | ఆదివారం రాత్రి 10:40

ఒక చిన్న విన్నపం. అరలో డిటెక్టివ్ నవల ఒకటైనా ఉండాలి. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అసిస్టెంటు రాజు లేకపోతే నేను ఈ వేదికలో ఉండేవాణ్ణి కాదు.

బీచిరోడ్డు | విశాఖపట్నం | సోమవారం ఉదయం 9:00

యుగంధర్‌కు నా ఓటు కూడా. నేను చెప్పేది దానికి కొంచెం దగ్గరే, నేరాల పుస్తకమే అనుకోవచ్చు: రాచకొండ విశ్వనాథశాస్త్రి గారి "ఆరు సారా కథలు". మద్య నిషేధం ఉన్న రోజుల్లో దొంగసారా, పోలీసులు, కోర్టులు. శాస్త్రి గారు విశాఖలో ప్లీడరు, కోర్టు మెట్ల మీద చూసినవాళ్లనే రాశారు. మా షాపుకు వచ్చే కుర్ర వకీళ్లకు ఇస్తాను. ఒకాయన చదివి, "ఈ సాక్షిని నేను నిన్ననే చూశాను" అన్నారు.

బల్లపీట | ఖమ్మం | సోమవారం ఉదయం 11:30

నేను ప్రభుత్వ పాఠశాలలో సైన్సు చెబుతాను, సెలవుల్లో మా బావ పుస్తకాల షాపులో కూర్చుంటాను. సైన్సు ఎవరూ చెప్పలేదు. మహీధర నళినీమోహన్ గారి "పిడుగుదేవర కథ", "కేలెండరు కథ". ఏడో తరగతి పిల్లలు నా సాయం లేకుండా చదువుకున్నారు. టీచర్లకైతే "రైలుబడి" ఇస్తాను. జపానులో పాత రైలు పెట్టెల్లో నడిచిన బడి గురించి అక్కడ చదువుకున్న తెత్సుకో కురొయనాగి రాసిన పుస్తకం. పిల్లవాడు చెప్పేది మధ్యలో ఆపకుండా వినే హెడ్మాస్టరు అందులో ఉన్నారు. ఆ పేజీ చదివిన మరునాడు నా తరగతిలో నేను ఎక్కువసేపు మాట్లాడలేకపోయాను.

అలిపిరి | తిరుపతి | సోమవారం మధ్యాహ్నం 3:20

ఈ పనికి నేను కొత్త, ఆరు నెలలే. పేరు చెప్పడానికి రెండు రోజులు ఆలోచించాను. రేవతి గారి జీవితకథ, పి. సత్యవతి గారి అనువాదం, "ఒక హిజ్రా ఆత్మకథ". 2019కి అనువాదానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందింది.

దీన్ని ఎవరికి ఇవ్వాలో నాకు తెలియలేదు. కౌంటరు మీద నా పక్కన పెట్టుకుని ఖాళీ దొరికినప్పుడల్లా చదువుకునేదాన్ని, అంతే. ఒకరోజు ఒకాయన బిల్లు కట్టి, ఆ పుస్తకం వైపు చూసి వెళ్లిపోయారు. మరునాడు వచ్చి మళ్లీ చూశారు. మూడోరోజు "అది అమ్మేదేనా?" అని అడిగారు. ఇంకేమీ మాట్లాడుకోలేదు. కవరులో పెట్టి ఇచ్చాను. కొన్ని పుస్తకాలను ఎవరికీ చూపించి ఇవ్వకూడదు, కనిపించే చోట ఉంచాలి. ఏలూరురోడ్డు గారూ, మీ అరలో దానికి కింది వరసలో చోటివ్వండి, వంగి షూ లేసు కట్టుకుంటున్నట్టు కూడా చూడవచ్చు.

గౌతమిగట్టు | సోమవారం సాయంత్రం 4:05

అమ్మా అలిపిరీ, ఆరు నెలల్లో నీకు తెలిసింది నాకు చాలా ఏళ్లు పట్టింది.

చౌరస్తా | సోమవారం సాయంత్రం 6:30

ఒక ఆచరణ మాట. చీటీ పెట్టే ముందు ఆ పుస్తకం అచ్చులో ఉందో లేదో చూసుకోండి. ఒక్క ప్రతి ఉండి, అది అమ్ముడుపోయి, పునర్ముద్రణ లేకపోతే చీటీ చదివినవాళ్లకు నిరాశ. నేను కనీసం ఐదు ప్రతులు చేతిలో ఉంటేనే చీటీ పెడతాను. పాత కథ ఒక్కటే కావాలనేవాళ్లను శ్రీకాకుళం కథానిలయం వారి వెబ్‌సైటుకు పంపండి. కాళీపట్నం రామారావు గారు 1997లో మొదలుపెట్టిన ఆ ఇంటి నిండా కథలే.

ఏలూరురోడ్డు | విజయవాడ | తరువాతి ఆదివారం రాత్రి 9:15

అర నిలబెట్టాను. మీరు చెప్పినవాటిలో నేను చదివినవి పదకొండు పెట్టాను. చదవనివి ఆరు తెప్పించుకున్నాను. షరతు ప్రకారం అవి ఇంకా నా బల్ల మీదే ఉన్నాయి, "గబ్బిలం"తో మొదలుపెట్టాను. యజమాని గారు వచ్చి చీటీలన్నీ చదివి, ఒక్కటి మాత్రం మార్చమన్నారు. "సెక్రటరీ" కింద "తేలికగా చదువుకోవచ్చు" అని రాశాను. ఆ మాట తీసేయమన్నారు. మా షాపు తెరిచిన మొదటి సంవత్సరం అద్దె కట్టింది ఆవిడ పుస్తకాలేనట.

ఇప్పుడు చాసో చీటీ ఇలా ఉంది: "తీరిక లేనివాళ్లకు. చిన్న కథలు, ఒక్కోటి టీ తాగేలోపు అయిపోతుంది. 'ఎందుకు పారేస్తాను నాన్నా' ముందు చదవండి. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే 'వాయులీనం' తర్వాతికి ఉంచండి."

నిన్న మధ్యాహ్నం ఒక పెద్దాయన ఆ చీటీ చదివారు. చదివి, పుస్తకం తీసి, నేరుగా "వాయులీనం" పేజీ వెతుక్కున్నారు. నేను కదలలేదు. నిలబడే చదివారు, పది నిమిషాలు పట్టింది. పుస్తకం కొన్నారు. వెళుతూ తలుపు దగ్గర ఆగి, "ఆ చివరి వాక్యం తీయవద్దమ్మా" అన్నారు.

సాయంత్రం_పాఠకుడు | ఆదివారం రాత్రి 9:50

మీ షాపు ఎక్కడో చెబుతారా? వచ్చి ఎవరితోనూ మాట్లాడను. "కాశీయాత్ర చరిత్ర" ఒక ప్రతి పక్కన పెట్టండి.

ఏలూరురోడ్డు | ఆదివారం రాత్రి 9:58

చిరునామా మీకు విడిగా పంపాను. ప్రతి పక్కన పెట్టాను. పేరు రాయలేదు, "సాయంత్రం" అని రాశాను.